నాయన గీసిన గీత

“గీత యాడ పోయింది?”

బాగైన గడియారాన్ని చేతిలోకి తీసుకున్న ఈరన్న అరుపుకు లక్ష్మీపతి కంటికి బిగించుకున్న భూతద్దం జారి ఒళ్ళో పడింది.

మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాడు లక్ష్మీపతి. తాతలనాటి గొలుసు గడియారం అది. తెల్ల పింగాణీ డయల్ బీటలు వారి, అంకెలు సగం చెరిగిపోయి వచ్చింది. కళ్యాణదుర్గం బస్టాండు పక్కనున్న ఈ షాపుకు ఇప్పుడు ఎవరొచ్చినా బ్యాటరీ మార్చమనేవాళ్ళే. చేతికి పని తగిలింది కదా అని పది రోజులు కూర్చున్నాడు. బీటలన్నీ తెల్లటి లప్పంతో పూడ్చి, నున్నగా సానబట్టి, పన్నెండు అంకెలనూ కుంచె కొనతో మళ్ళీ దిద్దాడు. తన చేతి పని తనకే ముద్దొచ్చింది.

“ఏం గీతప్పా?” అన్నాడు విసుగ్గా.

“ఈడ, పదకొండు కాడ. నిలువు గీత!”

“పదకొండు కాడ కాదన్నా, పది కాడ,” అన్నాడు పక్కనే నిలబడిన తమ్ముడు గురప్ప. గడియారం బాగు చేయమని తెచ్చి ఇచ్చింది అతనే.

లక్ష్మీపతి నవ్వాడు. “ఓహో, అదా! దాన్ని గీత అంటారా మీ ఊర్లో? మేకుతో గీకినారు ఎవరో తెలివిలేనోళ్ళు. బీటలతో పాటు దాన్నీ పూడ్చేసినా. పింగాణీ మీద మేకు పెట్టేటోళ్ళకు గడియారమెందుకు? పొద్దు చూసుకోని బతకండి.”

“గీకింది మా నాయన,” అన్నాడు ఈరన్న.

“అయితే మీ నాయనకు చెబుతాండా ఆ మాట.”

“నాయన ల్యాడు. ఆ గీతే ఉండాది.” ఈరన్న గొంతు తగ్గింది కానీ కళ్ళు తగ్గలేదు. “మా ఇద్దరికీ ఒగటే బాయి. పొద్దున ఆరింటి నుంచి చిన్న ముల్లు ఆ గీత తాకేదాకా నీళ్ళు నావి. ఆడినుంచి మాయిటాల పొద్దు గుంకేదాకా వీనివి. నువ్వు దాన్ని నున్నగా తుడిచి పెట్టినావు. గడియారం లోపల ఏముండాదో నీకు తెలుసు గానీ, బయట ఏముండాదో నీకేం తెలుసప్పా?”

“నాకు తెలీనిది మీకు తెలుసా? ఒకరు పదంటారు, ఒకరు పదకొండంటారు! మీ నాయన గీసిందాన్ని ఇన్నేండ్లూ చూసిన కండ్లేనా అవి?”

ఈరన్న తమ్ముడి వైపు తిరిగాడు. “నువ్వే చెరిపించినావులే! గంట నీళ్ళు కొట్టేద్దామని!”

“నేనా? పగిలిన మొగం బాగు చెయ్యమని ఇచ్చినా అంతే. గీత సంగతి ఎత్తనే లేదు.”

“ఎత్తకుండా ఇచ్చినావు గదా, అదే నీ తెలివి. రేపు లేపాక్షికి రా. వీరభద్రుని ముందర కర్పూరం ఆర్పి ప్రమాణంగా చెప్పు, పది కాడుండిందని.”

“చెప్తా. నువ్వూ చెప్పాల, పదకొండు కాడుండిందని.”

“చెప్తా!”

లక్ష్మీపతి ముఖంలో నవ్వు ఆగింది. అతని తలపైన గోడకు వీరభద్రుడి పటమే ఉంది. పొద్దున తనే పూలు పెట్టాడు. ఇద్దరూ కర్పూరం ఆర్పితే ఒకరిదైనా అబద్ధమే. ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? చెప్పినవాడికా, గీత పూడ్చినవాడికా? స్వామికి పూలు పెట్టిన తనకు, ఇంకొకరి తండ్రి గీత గీకుడులాగా ఎందుకు కనబడింది?

అయినా మాట మాత్రం మెత్తబడలేదు. “ఇటివ్వు. మీలాంటోళ్ళకు పని చేసిన నాది బుద్ధి తక్కువ.”

గడియారం అద్దం విప్పాడు. ముళ్ళు తీసి పక్కన పెట్టాడు. సూది పట్టుకుని, పదికీ పదకొండుకీ నడుమ తన చేత్తో నింపిన లప్పాన్ని తానే గీకడం మొదలుపెట్టాడు. అన్నదమ్ములిద్దరి తలలూ అతని భుజాల మీదికి వంగాయి.

“నిమ్మళంగా, సామీ,” అన్నాడు గురప్ప.

“నాకు చెప్తాండావా? మీరు మేకు పట్టే రకం. దూరం జరుగు, నీ ఊపిరికి లప్పం నా కంట్లో పడతాది.”

తెల్లటి పొడి రాలింది. కొత్తగా దిద్దిన పది అంకె సగం ఊడిపోయింది. ఒక్కో పెచ్చు లేస్తుంటే లక్ష్మీపతికి తన గోరే ఊడినట్టయింది. చివరికి పింగాణీ కింది రాగి సన్నగా మెరిసింది. ముందు చుక్క, తరువాత గీత. పది కాడ కాదు, పదకొండు కాడా కాదు, సరిగ్గా నడుమ. కింది కొన కొంచెం వంకర తిరిగింది.

ఈరన్న వేలి కొనతో ఆ వంకరను తాకాడు.

“అదే,” అన్నాడు ఈరన్న. “గీత కడాన నాయనకు చెయ్యి వణుకుతాండె.”

“అవున్నా. నేనే గడియారం పట్టుకోనుంటి,” అన్నాడు గురప్ప.

లక్ష్మీపతి ముళ్ళు ఎక్కించి, అద్దం బిగించి, గడియారాన్ని బల్ల మీద వాళ్ళ వైపు తోశాడు. నున్నటి తెలుపు మధ్యలో ఆ గీత, ఊడిన అంకె చూడలేక మొహం తిప్పుకున్నాడు.

“అర్ధగంట నీళ్ళకు నా పది రోజుల పని మట్టిపాలు చేసినారు. పోండి, పోయి తడుపుకోండి మీ చేన్లు. ఏం పెట్టినారు ఈ తూరి? వరా, చెనిక్కాయా?”

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గురప్ప గడియారాన్ని తువ్వాలలో చుట్టి అన్న చేతిలో పెట్టాడు.

“ఏం పెడతాం సామీ, బాయి ఎండి తొమ్మిదేండ్లాయె! నీళ్ళొచ్చిన పొద్దు కొట్లాడుకుంటే బాగుండదని, ఇప్పుడే తేల్చుకుంటాండాం.”