ఎదురొచ్చినామె

బిడ్డను భుజాన వేసుకుని గడప దాటిన కనకలక్ష్మి అక్కడే ఆగిపోయింది.

బొట్టులేని నొసటితో ఎవరో ఆడమనిషి ఎదురొస్తోంది. ఊరి పక్క గుట్టల్లో కంకర కొట్టడానికి కొత్తగా దిగినవాళ్లలో ఒకతె.

"ఈ ముండమొఖం ఇప్పుడే రావాల్నా?" అంది అత్త పోచమ్మ. "లోపటికి రా బిడ్డా. మంచినీళ్లు తాగి, జరసేపు కూసోని పోదురు."

ఆ మనిషి పాప ముఖంకేసి ఒకసారి చూసి, కొంగు ముందుకు లాక్కుని తప్పుకుంది.

పాప పెదాలు సున్నం పూసినట్టున్నాయి. ఒంట్లో నెత్తురు లేదని, ఇవాళే పట్నం తీసుకుపోకపోతే దక్కదని ఊళ్లోకొచ్చే కాంపౌండరు చెప్పాడు. అయినా అత్త మాట కాదనలేక కనకలక్ష్మి కూర్చుంది.

కూర్చున్నంతలో బస్సు పోయింది.

ఆమె, మొగుడు వీరేశం పరుగున వచ్చేసరికి రోడ్డు మీద దుమ్మే మిగిలింది. మళ్లీ బస్సు సాయంత్రానికే.

కానీ మలుపులో కంకర లారీ ఒకటి ఆగి ఉంది.

"ఎక్కుండ్రి," అన్నాడు డ్రైవర్ రాజయ్య. "మీరొస్తరని ఒకామె ఆపిచ్చింది. ముంగట కూసోమంటే వద్దని కంకర మీద కూసున్నది."

వెనక్కి తిరిగి చూసే తీరిక వాళ్లకు లేదు.

దవాఖానలో వెంటనే నెత్తురు ఎక్కించాలన్నారు. వీరేశందేమో కలవలేదు. కనకలక్ష్మిది తీద్దామంటే ఆమె ఒంట్లోనే అంతంతమాత్రం. బయట కొని తెమ్మన్నారు.

కనకలక్ష్మి గోడవార కూలబడి, పుట్టింటివాళ్లు పెట్టిన వెండి కడియాలు ఊడదీసింది. అమ్మినా చాలవని తెలుసు. అయినా తీసింది.

"తొడుక్కోమ్మా," అంది నర్సు పద్మావతి. "ఒకావిడ వచ్చి నెత్తురు ఇచ్చింది. సరిపోయింది, ఎక్కిస్తున్నాం."

పొద్దు వాలేసరికి పాప పెదాలకు రంగొచ్చింది. ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. ఇన్నాళ్లకు బిడ్డ గట్టిగా ఏడ్చిందని కనకలక్ష్మి నవ్వింది. రొమ్ముకు హత్తుకుంటే ఆబగా తాగింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

"ఆ ఇచ్చినామె ఏదమ్మా? కాళ్లు మొక్కుత."

"ఎప్పుడో వెళ్లిపోయింది," అంది నర్సు. "పొద్దున తన వల్లే మీకు బస్సు తప్పిందట కదా. మళ్లీ మీకు ఎదురు పడకూడదని, వెనక గేటు నుంచి పోయిందమ్మా."