ఇనీషియలు

శుక్రవారం మూడు దాటింది. మృణాళిని గదిలో రెండో కుర్చీ ఖాళీగానే ఉంది.

తలుపు మీద నోటీసు అంటించి నెల అయింది. "రీసెర్చి చేయదలచిన ఆనర్స్ విద్యార్థినులు శుక్రవారం మూడు నుంచి నాలుగు వరకు నన్ను కలవవచ్చు."

ఒక్క పిల్లా రాలేదు.

ఆ కాలేజీలో లెక్కల్లో రీసెర్చి చేసిన మనిషి తనొక్కతే. మరి ఈ పిల్లలు ఎవర్ని అడుగుతున్నట్టు?

చూద్దామని లైబ్రరీకి వెళ్లింది.

పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గర ఐదుగురు మూగి ఉన్నారు. కౌంటరావిడ పుస్తకాల మీద తేదీ ముద్ర వేస్తూనే వాళ్లతో మాట్లాడుతోంది. నాలుగేళ్లుగా ఆవిడ అక్కడే. పిల్లలు అక్కా అంటారు. అసలు పేరేమిటో మృణాళినికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు.

"నేనిచ్చిన లెక్క వచ్చిందా పాపా?"

"రాలేదక్కా. మూడు దినాలు కూర్చున్నా," అంది సీత. క్లాసులో మొదటి పిల్ల.

"వదిలేస్తివా?"

"ఎట్లా వదిలేది? అన్నం తింటా ఉన్నా అదే ధ్యాస."

"సరి, అయితే నువ్వు రీసెర్చికి పో. లెక్క వచ్చినోళ్లు కాదు పాపా, వదల్లేనోళ్లే ఆడికి పోవాల."

మృణాళినికి ఒళ్లు మండింది. ఆ మాట తను చెప్పవలసింది. ఇన్నేళ్లలో తనకు తట్టలేదే అని ఇంకా మండింది.

"ఏమమ్మా, లెక్కలు కూడా ఇస్తున్నారా ఇక్కడ?"

కౌంటరావిడ లేచి నిలబడింది. "ఏదో, ఊరికే మేడమ్."

"ముద్ర వెయ్యడం మీ పని. దారి చూపడం నా పని."

"ఆమా మేడమ్, నిజమే. మీ దగ్గరికే పొమ్మని నేనూ చెప్తా ఉండాను. మీరంటే భయం వీళ్లకి."

ఆ వినయం పుండు మీద కారం చల్లినట్టయింది.

సోమవారం క్లాసులో మృణాళిని తన పాత కథ మళ్లీ ఎత్తుకుంది. "యూనివర్సిటీలో అప్పుడు రీసెర్చికి ఒక్కటే సీటు. లిస్టులో నాది రెండో పేరు. పైనున్న అమ్మాయి చేరనే లేదు. సీటు విలువ తెలియని మనిషి! నాకు తెలుసు గనుక పట్టుకున్నాను. దారి అడిగితే నడిచినవాళ్లని అడగాలి."

పిల్లలు బుద్ధిగా తలలూపారు. గంట కొట్టగానే తిన్నగా లైబ్రరీకి పోయారు.

అసూయకు చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అన్న తేడా లేదు. ఆ సాయంత్రమే మృణాళిని ప్రిన్సిపాల్‌కు కాగితం రాసింది. కౌంటరు దగ్గర కబుర్లెక్కువయ్యాయి, పిల్లల చదువు చెడుతోంది, మనిషిని మార్చండి అని.

మార్చారు. హాస్టలు స్టోరులో బియ్యం, పప్పు కొలిచే పనికి వేశారు. ఆవిడ ఆ పనిలో చేరలేదు. రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది.

శుక్రవారం సరిగ్గా మూడింటికి తలుపు చప్పుడైంది. సీత! మృణాళిని మనసు పొంగిపోయింది.

"రా, కూర్చో. ఇప్పటికి గుర్తొచ్చానన్న మాట."

"అక్క పంపింది మేడమ్." సీత యూనివర్సిటీ అప్లికేషను ఫారం బల్ల మీద పెట్టింది. "రేపే ఆఖరు తేదీ. మీరు సిఫారసు రాస్తేనే ఆడ చెల్లుతుందని పోతా పోతా చెప్పింది."

ఫారం కింద తండ్రి దేవరాజులు సంతకం ఉంది.

"మీ నాన్న రీసెర్చికి ససేమిరా అన్నాడని విన్నానే?"

"అక్క మూడు తూర్లు పెరంబూరులో మా ఇంటికొచ్చింది మేడమ్. నాయన ఫ్యాక్టరీ నించి వచ్చేదాకా క్వార్టర్సు మెట్ల మీదనే కూర్చునింది. 'ఒక్క సంతకం లేక నా చదువు నిలిచిపోయింది, నీ బిడ్డకు ఆ గతి వద్దు' అనింది. నాయన ఆడనే పెట్టేసినాడు."

మృణాళిని కలం తీసింది. ఎందుకో రాయడం సాగలేదు.

"ఆవిడిచ్చిన లెక్క ఏ పుస్తకంలోది?"

"మీ థీసిస్ లోదే మేడమ్." సీత సంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసింది. "తేలలేదని ఆఖరి పేజీలో వదిలిపెట్టినారే, అది. అక్క తన పేరు మీద తీసి ఇచ్చింది. మీరు చెప్తారేమో అని తెచ్చినా."

మృణాళిని వెనక అట్ట తెరిచింది. పుస్తకం తీసుకున్నవాళ్ల పేర్లు రాసే చీటీ మీద తొమ్మిది తేదీలు. తొమ్మిదింటి పక్కనా ఒకే పేరు. జి. పంకజం.

తన థీసిస్ చదివిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కతే.

"కౌంటరు అక్క పేరు ఇదేనా?"

"ఆమా మేడమ్."

పంకజం. ఎప్పుడో చూసి, మరచిపోదామన్నా మరుపు రాని పేరు. కాని దాని ముందున్న ఇనీషియలు ఇది కాదు.

"జి అంటే?"

"గోవిందస్వామి. అక్క పెనిమిటి. పెళ్లయినాక యూనివర్సిటీలో చేరే ఫారం మీద సంతకం పెట్టనిది ఆయనే."

"పెళ్లికి ముందు?"

"వాళ్ల నాయన పేరు తిరువేంగడం, మేడమ్."

పద్దెనిమిదేళ్ల కిందట యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద మృణాళిని పేరుకు పైనున్న పేరు, టి. పంకజం.