పండగ మిగులు

“కోటు తీసి ఆ కుర్చీకి తగిలించండి మార్జరీ గారూ. ఈ పొయ్యి దగ్గర కాసేపుంటే ఉడికిపోతారు,” అంది బెరిల్.

థెల్మా ఒక క్షణం ఆలస్యంగా కదిలింది. గుమ్మంలో తను చెప్పిన మారుపేరు అదేనని అప్పుడు గుర్తొచ్చింది. బస్సు డిపోలో టికెట్ల గదిలో పనిచేసేదాన్నని, బెరిల్ భర్త నార్మన్ గారు పోయిన సంగతి ఆలస్యంగా తెలిసిందని, పలకరించి వెళ్దామని వచ్చానని కూడా చెప్పింది. అతని పేరుకి ‘గారు’ చేర్చడం మరిచిపోకూడదని బస్సులో వస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉంది.

క్రిస్మస్ వెళ్ళి రెండు రోజులైంది. వంటింటి బల్ల మీద సగం తిన్న టర్కీ కోడి, పందిమాంసం హామ్ చివరి ముక్క, ఉడికించిన కారెట్లు, గిన్నెలో గడ్డకట్టిన గ్రేవీ పరిచి ఉన్నాయి.

“మా చెల్లెలూ వాళ్ళూ వచ్చి తిన్నా ఇంత మిగిలింది. ఆయన ఉన్నప్పుడు కొన్నంత కోడినే ఈసారీ కొన్నాను. తీరా ఇంటికి తెచ్చాక గుర్తొచ్చింది, తినే మనిషి లేడని.” బెరిల్ మైదాలో పందికొవ్వు వేసి వేళ్ళతో నలపసాగింది. “దీన్నంతా గ్రేవీలో కలిపి, మీద పిండి మూత పరిచి ఓవెన్‌లో ‘పై’ కాల్చేస్తాను. ఊరికే కూర్చోవడం దేనికి, ఆ ఎముకల మీది మాంసం వలిచి పెట్టండి.”

అయిదు నిమిషాలుండి వెళ్ళిపోవాలనుకున్న థెల్మా చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి జరిగింది. ఆమె అడగాల్సింది ఒక్క మాటే. అది నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

ఎన్నో చలికాలాలు నార్మన్ తను నడిపే బస్సు స్కిప్టన్ ఊళ్ళో ఆపి, తిరుగు ప్రయాణానికి ముందు అక్కడ థెల్మా ఇంట్లో భోంచేసేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఎక్కడ వాకబు చేయాలో తెలియక ఆమె కిటికీ దగ్గర కూర్చునేది. చివరికి పేపర్లో అతను పోయాడని చిన్న ప్రకటన కనబడింది. అప్పటికే ఖననం కూడా అయిపోయింది. ఎవరి ముందూ ఏడవడానికి లేదు. సంతాపంగా నల్లబట్టలు వేసుకుంటే ఎవరికోసమని అడుగుతారు.

“ఆయనకి నిన్నటి తిండి పడేది కాదు,” అంది బెరిల్ పిండి ముద్ద చేస్తూ. “పండగ మర్నాడు ‘పై’ పెడితే మూత గిల్లి రెండు ముక్కలు తిని, డ్యూటీకి టైమైందని లేచిపోయేవాడు. అంత డ్యూటీ ఏంటని నేను దెప్పేదాన్ని.”

థెల్మా తలొంచుకుని మాంసం వలిచింది. తన బల్ల దగ్గర అతను పాత్ర అడుగు గీకి మరీ తినేవాడు.

గ్రేవీ వేడెక్కింది. మాంసం, కారెట్లు అందులో వేసి బెరిల్ రవ్వంత మిరియాలపొడి చల్లింది.

“ఇంకాస్త వేయండి. అతనికి ఘాటుగా...” అనేసి థెల్మా నాలుక కరుచుకుంది. “మా తమ్ముడికండీ. వాడికి ఘాటు లేకపోతే ముద్ద దిగదు.”

“తమ్ముళ్ళంతే,” అంది బెరిల్. మిరియాల డబ్బా మళ్ళీ తీసి బాగానే చల్లింది.

ఆమె పిండి మూత పరుస్తుండగా థెల్మా అడిగేసింది.

“ఆఖర్న... బాగా బాధపడ్డారా అండీ?”

బెరిల్ చేతులు ఆగాయి. “లేదు. నా చెయ్యి పట్టుకునే పోయాడు. నన్నే పిలుస్తూ పోయాడు. బెరిల్, బెరిల్ అంటూ.”

పిలిచింది తన పేరు కాదన్న మాట థెల్మాకి ఒక్క క్షణం గుచ్చుకుంది. ఆ వెంటనే ఆశ్చర్యంగా మనసు తేలికపడింది.

“మంచిదండీ. అలాగే ఉండాలి. పక్కన మీరున్నారు. ఒంటరిగా పోయారేమోనని, పిలిస్తే పలికేవాళ్ళు కూడా లేరేమోనని...” మాట పూర్తికాలేదు. కన్నీళ్ళు బల్ల మీద పిండిలో పడి చిన్న చిన్న ఉండలు కట్టాయి.

బెరిల్ ఆమెను చాలాసేపు చూసింది. తరవాత తన అప్రాన్ కొస అందించింది.

“పిండి మూత అంచులు మీరు నొక్కండి. చేతికి పనుంటే కళ్ళు ఊరుకుంటాయి.”

‘పై’ కాలేదాకా ఇద్దరూ టీ తాగారు. ఓవెన్ తలుపు తీయగానే వంటిల్లంతా కమ్మటి వాసన. మూత పగలగొడితే లోపల గ్రేవీ ఇంకా కుతకుతలాడుతోంది. ఇద్దరూ ఆకలిగా తిన్నారు. నార్మన్ పోయాక థెల్మా వేడివేడిగా తిన్న మొదటి భోజనం అదే.

“ఘాటుతో బాగుంది,” అంది బెరిల్. “ఇన్నేళ్ళూ చప్పగా వండి పెట్టానన్నమాట.”

పొద్దు వాలుతోంది. మిగిలిన సగాన్ని బెరిల్ కాగితంలో చుట్టి ఇచ్చింది. కోటు వేసుకోవడానికి సాయం చేసి, గుండీలు కూడా తనే పెట్టింది.

ఇంత మంచి మనిషిని ఇక కలవకూడదు అనుకుంది థెల్మా. తను ఎవరో ఈమెకు ఎప్పటికీ తెలియకూడదు.

గుమ్మం దిగుతుంటే బెరిల్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఇందాక నీకు అబద్ధం చెప్పాను,” అంది.

“ఆయన ఆఖర్న పిలిచింది నా పేరు కాదు, థెల్మా.”