చెంగయ్య ఎవరివాడు?

"వాడు మీవాడు. తీసకపొయ్యి మీ సర్చికాడ పూడ్సుకోండి," అన్నాడు వెంకటముని, తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుంటూ.

"మావాడు ఎట్లయితాడప్పా?" అన్నాడు ఉపదేశి ఇమ్మానుయేలు. "బాప్తిస్మం తీసుకున్న మనిషి పోయిన నెల గంగమ్మ జాతరలో కోడిని కోసినాడు. ఆ వారమే సంఘంలో నుంచి తీసేసినారు. ఇప్పుడు సంఘం భూమిలో సోటియ్యమని నేనెట్ల అడిగేది?"

"మరి మా పెద్దల సమాధుల పక్కన నేనెట్ల పండబెట్టేది? ఊరవతలోళ్ళు మూతి పెట్టిన గిన్నెలోనే మీ సర్చిలో వాడూ తాగినాడంట. రేపు మావాళ్ళు నన్ను ఇంట్లోకి రానిస్తారా?"

ఇద్దరికీ మధ్య, గడప మీద చెంగయ్య భార్య కూర్చుని ఉంది. ఉపదేశికి ఆమె హన్నా. బావ వెంకటమునికి మాత్రం ఇంకా మునెమ్మే. ఆమె ఏడవడం లేదు. రాగి చేనికి కావలి పోయిన మనిషి ఇక రాడని పొద్దున చెప్పినప్పటి నుంచీ ఏ మాటా ఆమె తలకెక్కడం లేదు.

ఆ కబురు తెచ్చింది పక్క చేని మునిరాజు. ఎక్కడో హోసూరు అడవుల వైపు నుంచి దారి తప్పిన ఒంటి ఏనుగు తెల్లవారేసరికి చెంగయ్య చేలో మేస్తూ కనబడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా బియ్యం దొరకని రోజులు. ఆ చేనే ఆ ఇంటికి తిండి. చెంగయ్య కట్టె పట్టుకుని అరుస్తూ ఎదురుపోయాడు. ఏనుగు తొండంతో ఎత్తి విసిరింది.

"పడినోడు ఇంగ లేవలేదు," అన్నాడు మునిరాజు మళ్ళీ, ఎవరూ అడక్కపోయినా. "అది పైన నిలబడుకోని ఉండాది. నేను పరిగెత్తుకోని వచ్చేసినా."

రామకుప్పం దగ్గరి ఆ పల్లెలో అడవి ఏనుగు సంగతి ఎవరికీ తెలియదు. పుంగనూరు వీధుల్లో అలంకరించి నడిపించిన ఏనుగును చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అది పోయేదాకా చేని దరికి పోగూడదని అందరూ ఆగిపోయారు. దూరం నుంచి తప్పెట్లు కొట్టారు. కాసేపటికి గుట్టెక్కి చూసొచ్చిన మునిరాజు, అది అడవిలోకి దిగిపోయిందని చెప్పాడు.

హన్నా లేచింది.

"ఉండు మునెమ్మా," అన్నాడు వెంకటముని. "యాడికి మోసేదో తేలనీ. తెచ్చి నడీదిలో పెట్టుకోని కొట్లాడేదా?"

"మదనపల్లె మిషను దొరగారి దగ్గరికి మనిషిని పంపి అడగాల," అన్నాడు ఇమ్మానుయేలు.

"అంతదాకా ఆయన ఎండలో పడుండాల్నా అయ్యా?"

"ఇది ఒక్క చెంగయ్య సంగతి కాదమ్మా. దేవుని ముందర అందరూ ఒకటే అని చెప్తాండాము. ఆ మాట నిలవాలంటే కట్టుబాటు ఉండాల కదా?"

"అందరూ ఒకటే అయితే మీ సర్చిలో ఆ కులానికో సాప, ఈ కులానికో సాప యాల ఏస్తాండారు?" అన్నాడు వెంకటముని.

ఇమ్మానుయేలు తల దించుకున్నాడు. "ఒక సాప తీసెయ్యమని నేను ఎన్నితూర్లు చెప్పినా ఇనేదెవరు?" అన్నాడు.

"కోడి ఎవరికోసరం కోసినాడో అడగరేమి?" అంది హన్నా. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. "నీ కూతురు జరంతో మనిషి గుర్తు పట్టకుండా పడుంటే మొక్కుకున్నాడు బావా. సంఘం ఏమంటాదో ఆయనకు తెలుసు. అయినా మొక్కు తీర్సినాడు. ఇంగ ఆ గిన్నెలో తాగింది నాకోసరం. ఆడ నేనొక్కదాన్నే అయిపోతానని."

హన్నా అరుగు దిగి చేనివైపు నడిచింది. ఏం చేయాలో తెలియక మగవాళ్ళూ వెనకే పోయారు.

చేలో శవం లేదు.

చెంగయ్య పడిన చోట మోకాలెత్తు కుప్ప ఉంది. కానుగ కొమ్మలు, పూలతో సహా పెరికిన తంగేడు మండలు, వాటిమీద పిడికెడు పిడికెడు చల్లినట్టు మట్టి.

"పూడ్సేసినారు!" అన్నాడు ఇమ్మానుయేలు. "నన్ను ఆడ మాటల్లో పెట్టి మీవాళ్ళను పంపించినావా?"

"నేనా? పూలు పెట్టి సాగనంపేది మీ పద్ధతి కాదా?"

మునిరాజు నేల వైపు చేయి చూపించాడు. కుప్ప చుట్టూ రోలంత అడుగులు. విరిగిన కానుగ చెట్టు దాకా పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చిన అడుగులు. మనిషి అడుగు ఒక్కటి కూడా లేదు.

"అదే సంపి, మళ్ళా అదే పూడ్సిందా?" అన్నాడు వెంకటముని.

ఇమ్మానుయేలు బైబిలు తెరిచాడు. ఏం చదవాలో తోచక మూశాడు. "దానికి ఈ పని ఎవరు చెప్పింటారప్పా?" అన్నాడు నెమ్మదిగా.

వెంకటముని తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నా తమ్ముడు వాడు. మా పెద్దల పక్కనే పెడతా. ఎవరేమంటే అననీ."

"లేదప్పా. సంఘంతో నేను తేల్సుకుంటా. చెంగయ్య మావాడు."

"నిన్నమొన్న వచ్చినోళ్ళు మీరు. నా తోడ పుట్టినోడు మీవాడా?"

మళ్ళీ గొంతులు లేచాయి. హన్నా కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఒక్కతూరి మొగం సూసుకోనీండి. ఆమీట మీ ఇష్టం."

ఇద్దరూ పక్కకు జరిగారు. ఆమె తల వైపు మండలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. మట్టి కొట్టుకున్న నుదురు కనిపించింది. తర్వాత మూసిన కళ్ళు. తంగేడు పూరెక్కలు అంటుకున్న ముక్కును ఆమె కొంగుతో మెల్లగా తుడిచింది.

చెంగయ్య తుమ్మాడు.