చల్లబడితే ఇల్లు

ఆ వాన రోజున ఇంట్లో ఉన్నది ఎనిమిదిమంది. అమ్మమ్మ నేలిదా, మిల్టన్ మామయ్య, అత్త, వాళ్ళ పిల్లలు ముగ్గురు, రొమీనా, వాళ్ళమ్మ. గదులు రెండు. లోపల గడియ ఉన్న తలుపు ఒక్కటే, స్నానాలగదిది. పదహారేళ్ళ రొమీనా డైరీ రాసుకునేది అందులోనే, ఎవరో ఒకరు తలుపు బాదేదాకా.

"సాయంత్రం ఆరింటికి రోచా ఊరి నుంచి లారీ వస్తోంది. పెరట్లో ఆ డొక్కు వ్యానుని తుక్కుకి ఇచ్చేస్తున్నా," అన్నాడు మామయ్య, మాతె ఆకు టీ పోసిన బుర్రలో గొట్టం పెట్టి పీలుస్తూ.

ఆ పాత క్యాంపర్ వ్యానులో ఇంజను లేదు గానీ మంచముంది, పొయ్యి ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా తలుపుంది. దాన్ని తన గది చేసుకోవాలని రొమీనాకి ఏడాదిగా ఆశ. అడగడానికే నోరు రాలేదు.

"అందులో గ్యాస్ ఫ్రిజ్ ఉందిగా మామయ్యా," అంది గొణుగుతున్నట్టు. "నేను బాగుచేస్తా."

"నువ్వా? అలా చేస్తే బాగవుతుందంటే పోయిన నెల దాన్ని ఒక రోజంతా తలకిందులుగా నిలబెట్టాను. ఇక నేను తలకిందులుగా నిలబడ్డం ఒక్కటే తక్కువ. చల్లబడిందా?"

అమ్మమ్మ గుమ్మడికాయ తరగడం ఆపలేదు. "ఆరింటికల్లా చల్లబడితే అది ఇల్లు, ఉంటుంది. చల్లబడకపోతే తుక్కు, పట్టుకుపో," అంది. ఆ మాటకి ఇంట్లో అప్పీలు లేదు. కాసేపటికి స్ట్రాబెర్రీ జెల్లీ కలిపి, గిన్నె మనవరాలి చేతిలో పెట్టింది. "ఇది గడ్డకట్టాలి. అదే పరీక్ష."

రొమీనా గ్యాస్ కట్టేసి, వ్యాను పక్కనున్న రేకు మూత ఊడదీసింది. పొగగొట్టం లోంచి రాలిన తుప్పు పొడి బర్నర్ నిండా కూరుకుపోయి ఉంది. పాత పళ్ళబ్రష్‌తో గీకింది, ఊదింది, తుడిచింది. అగ్గిపుల్ల గీస్తే మంట నీలంగా, నిటారుగా లేచింది. జెల్లీ లోపల పెట్టి తలుపు మూసింది.

రెండు గంటలయ్యాక చెయ్యి పెట్టి చూస్తే, పొదిగే కోడి కింద పెట్టినంత వెచ్చగా ఉంది.

మామయ్య వ్యాను కిటికీలో ప్రత్యక్షమయ్యాడు. వాన కాబట్టి అత్త టోర్తా ఫ్రీతాలు, అంటే వాన పడితే చేసుకునే నూనె రొట్టెలు, వేయిస్తోంది. మామయ్యకి ఒకటి నోట్లో, ఒకటి చేతిలో. "ఏమ్మా ఇంజనీరమ్మా! జెల్లీ సూపు తయారేనా? చెంచాలు పట్రానా?"

రొమీనా గిన్నెలోకే చూస్తోంది. ఎర్రటి నీళ్ళు ఒక పక్క అంచుని తాకుతున్నాయి, ఇంకో పక్క రెండువేళ్ళ కిందున్నాయి. ఫ్రిజ్ తలుపు లోపల వెలిసిపోయిన కాగితం మీద ఒక్క వాక్యమే మిగిలింది: ఒరగకుండా సమంగా నిలబెట్టవలెను. ఆ రకం ఫ్రిజ్‌కి మోటారుండదు. గొట్టాల్లో మంట వేడికి పైకెక్కిన చల్లబరిచే మందు దానంతటదే కిందికి జారి రావాలి. ఒరిగితే దారిలోనే ఆగిపోతుంది.

రొమీనా బురదలో వెల్లకిలా పడుకుని వ్యాను కిందికి జరిగింది. వెనక ఎడమ మూల, ఫ్రిజ్ కింద, అడుగురేకుకి స్క్రూడ్రైవర్ ఆనిస్తే, పాలలో నానిన రొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. అరచెయ్యంత రేకు ఊడి మొహం మీద పడింది.

మామయ్య వంగి చూశాడు. "తుప్పు! నే చెప్పలా? అడుగంతా పోయింది. ఇక లేచి రా."

"అడుగంతా కాదు, ఒక మూలే!" రొమీనా గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. "కింది ఇనుప దూలం గట్టిగానే ఉంది, కొట్టి చూశా. ఫ్రిజ్‌కి రోగమేం లేదు మామయ్యా, దాని కాళ్ళకింద నేలకే రోగం. ఆ జాకీ ఇటివ్వు."

ఎందుకిచ్చాడో తెలీదుగానీ ఇచ్చేశాడు. దూలం కింద జాకీ పెట్టి ఎత్తింది. యూకలిప్టస్ దుంగలు రెండు తోసింది, లోపలికెళ్ళి గిన్నె చూసింది, మళ్ళీ వచ్చి ఒక ఇటుక పెట్టింది. ఎర్రనీళ్ళు నాలుగువైపులా ఒకే ఎత్తున నిలబడ్డాయి. అప్పటికింకా మధ్యాహ్నం కాలేదు.

ఆరింటికి లారీ హారన్ మోగింది. అంతా వానలో తడుస్తూ వ్యాను దగ్గర చేరారు. అమ్మమ్మ గిన్నె తీసి బోర్లించింది. జెల్లీ వణికింది గానీ రాలలేదు. పిల్లలు ఈలలు వేశారు.

మామయ్య లారీ వైపు చెయ్యి ఊపాడు. "పోయిరా బాబూ! ఈ ఇంట్లో ఉన్న తుక్కల్లా నేనేనంట!"

అందరూ లోపలికి వెళ్ళాక రొమీనా వ్యాను ఊడ్చింది. డైరీ మంచం పక్క అరలో, దీపం దాని మీద. ఏడాదిగా వేసుకున్న లెక్క కుదిరింది.

అంతలో పెరడు దాటుకుంటూ అమ్మమ్మ వచ్చింది. చంకలో దిండు, భుజాన దోమతెర, చేతిలో రేడియో. అడగకుండానే ఒకరికి తన మనసు తెలిసిందని రొమీనాకి కళ్ళు చెమర్చాయి. "నువ్వెందుకు మోసుకొచ్చావమ్మమ్మా? నేనే తెచ్చుకునేదాన్నిగా!"

"నీకని ఎవరన్నారే?" అమ్మమ్మ లోపలికొచ్చి, చీపురు లాక్కుని, భుజం పట్టి మెల్లగా ఆమెని మెట్టు దింపింది. "డెబ్బై ఏళ్ళుగా ఎవరో ఒకరి గురక వింటూనే పడుకున్నాను. నీకేం, విద్య చేతిలో ఉంది, ఇంకో బండి చూసుకో," అంటూ తలుపు వేసేసుకుంది.