పెద్దన్న మాట

“ఇంకాసేపట్లో దిగుతాం. ఓటుకి అందరూ గదిలోనే ఉండండి.”

కంట్రోల్ వీల్ మీది మీట నొక్కి కంపెనీ ఛానల్‌లో చెప్పాడు కో-పైలట్. మీట వదలగానే జవాబొచ్చింది.

“ఇక్కడే ఉన్నాం. పెద్దన్నని జాగ్రత్తగా తీసుకురా. ఆయన లేకపోతే మమ్మల్ని తూకానికి అమ్మేస్తారు.”

వెనక పదిమంది నవ్వు వినబడింది. పైలట్ల గదిలో గోడకి బిగించిన స్పీకర్ ఒకటుంది. ఛానల్‌లో ఎవరేం మాట్లాడినా గదంతా వింటుంది.

పెద్దన్న అంటే ఎడమ సీట్లోని కెప్టెన్. యూనియన్ నాయకుడు. పోటీ కంపెనీ వీళ్ళ చిన్న కంపెనీని కొంటానన్న రోజు నుంచీ హ్యాంగర్ గేటు దగ్గర మైకు పట్టుకుని “మన శవాల మీదుగా కొనుక్కోమనండి” అని అరిచిన మనిషి. పైలట్లు ఒప్పుకుంటే తప్ప అమ్మకం సాగదు. చేతులెత్తే ఓటు ఇవాళే. గదిలో సగానికి పైగా కో-పైలట్లు, కుర్రకారు. వాళ్ళ తరఫున మాట్లాడేది కుడి సీట్లోని ఈ బక్క మనిషి.

“తమ్ముడూ, నీతో ఓ మాట.”

“నా వైపు ఇంటర్‌కామ్ పొద్దుట్నుంచీ చచ్చిందన్నా. దగ్గరికొచ్చి చెప్పండి.”

“డొక్కు విమానం” అని గొణిగి పెద్దన్న హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తోసేశాడు. మొహంలో మొహం పెట్టేంతగా వంగాడు. “ఇవాళ నీకు నాతో డ్యూటీ వేయించింది నేనే. మొదటి చెయ్యి నువ్వే ఎత్తాలి.”

“అమ్మకం వద్దనేగా? ఎత్తుతా.”

“కాదు, అమ్మకం కావాలని.”

కో-పైలట్ ముందుకే చూస్తున్నాడు. కింద మబ్బులు మాసిన దూదిలా పరుచుకుని ఉన్నాయి.

“సరిగా వినబడలేదన్నా. మళ్ళీ చెప్పండి.”

“అమ్మకానికి ఒప్పుకుందామంటున్నా. గదిలోకెళ్ళగానే నేను చెబుతా, కొట్లాడాను, ఒక్కరి ఉద్యోగం కూడా పోదని మాట తీసుకున్నాను అని. నువ్వు చెయ్యెత్తు. నిన్ను చూసి కుర్రాళ్ళంతా ఎత్తుతారు.”

“నిజంగా పోవా?”

పెద్దన్న నవ్వాడు. “ఈ ప్రొపెల్లర్ డబ్బాల్ని వాళ్ళేం చేసుకుంటారు? పాత ఇనుముకేస్తారు. వాళ్ళకి కావలసింది మన రూట్లు. పాత కెప్టెన్లకి జెట్ల మీద సీట్లు ఖాయం చేశాను. కో-పైలట్లు ఇంటికి.”

“అందరూనా?”

“నువ్వు తప్ప. నీకో సీటు అడిగిపెట్టాను.”

“మరి మీకు?”

“చీఫ్ పైలట్. ఇన్నాళ్ళూ ఊరికే గొంతు చించుకున్నాననుకున్నావా? ఎంత గట్టిగా వద్దంటే అంత రేటు పలుకుతుంది తమ్ముడూ.”

గేటు దగ్గర పిడికిలై లేచిన చెయ్యి అదే. ఇప్పుడు కో-పైలట్ మోకాలు తడుతోంది, సంతలో బేరం కుదిరినట్టు.

“ఒక్కటి చెప్పండన్నా. ఇవాళ వద్దని ఓటేస్తే మనం నిలబడలేమా?”

“ఎందుకు నిలబడలేం? ఆ రూట్లు లేకపోతే వాళ్ళకి గడవదు. ఇంకాస్త బిగిస్తే అందర్నీ ఉంచుకుంటామని కాళ్ళబేరానికొస్తారు. అంతదాకా కూర్చునే ఓపిక నాకు లేదు. రిటైర్మెంట్ నెత్తి మీదుంది.”

అంతే. చలిలో గేటు ముందు నిలబడ్డ కుర్రాళ్ళు, జీతాలు కోయించుకుని చేసిన సమ్మె, బొంగురుపోయిన గొంతులు, అన్నీ ఆయన ఓపికతో పాటే అయిపోయాయి.

“మీ అల్లుడూ కో-పైలటేగా. ఆ గదిలోనే కూర్చున్నాడు.”

పెద్దన్న ఓసారి వెనక తలుపు వైపు చూశాడు.

“వాడికి చెప్తే మా అమ్మాయికి తెలుస్తుంది. దానికి తెలిస్తే లోకమంతా తెలిసినట్టే. ముందు ఓటు కానీ. వాడి సంగతి తర్వాత చూస్తా.”

“మొన్ననేగా పాప పుట్టింది వాళ్ళకి.”

“నాకు చెప్తున్నావా? నా మనవరాలది.” పెద్దన్న గొంతు గట్టిపడింది. “నేను బాగుంటేనే వాళ్ళని చూసేది.”

“ఇదంతా కాక్‌పిట్ రికార్డర్‌లో పడుతుందేమోనన్నా.”

“కూలిపోతే తీసి వింటారు. కూలంలే.” ఆయన చూపు కో-పైలట్ చేతి మీద పడింది. “ఆటోపైలట్ నడుపుతుంటే నువ్వెందుకయ్యా ఆ వీల్‌ని గేదె కొమ్ములు పట్టుకున్నట్టు పట్టుకున్నావు? వేళ్ళు చూడు, పాలిపోయాయి.”

“అలవాటన్నా. భయమేస్తే వదల్లేను.”

“ఉండనీ. భయమున్నోడే బతుకుతాడు.”

టవర్ పిలిచింది. జవాబు పెద్దన్నే ఇచ్చాడు. విమానం మబ్బుల్లోకి దిగింది. అద్దాల మీద నీళ్ళు గీతలు కట్టాయి.

“మన ఛానల్ ఏంటి చప్పుడే లేదు? మామూలుగా వాగి చంపుతారుగా.”

“ఓటు ముందు ఎవరికి నోరు పెగులుతుందన్నా.”

“అదీ నిజమే. ఏమంటావు మరి? ఎత్తుతావా?”

“ఎత్తుతా. మొదటి చెయ్యి నాదే.”

“బుర్రున్నోడివి.” పెద్దన్న వెనక్కి జరిగి హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. మబ్బులు చీలి కింద రన్‌వే కనబడింది. దాని పక్కనే హ్యాంగర్, హ్యాంగర్ పక్కన పైలట్ల గది రేకుల కప్పు. “దిగుతున్నామని గదిలోవాళ్ళకి ఓ మాట చెప్పు.”

“అక్కర్లేదన్నా, వాళ్ళకి తెలుసు.”

అప్పుడు తీశాడు కో-పైలట్, రేడియో మీట మీద ఇంతసేపూ నొక్కి ఉంచిన బొటనవేలు.