పావు ట్యాంకు

జనరేటర్ మళ్ళీ ఆగిపోయింది. కరెంటు లేదు. పొదిగే మిషన్లో గుడ్లు చల్లబడుతున్నాయి.

"ఫిల్టర్ ఇప్పుడేగా మార్చాం! ఏం మాయరోగం దీనికి?" హేచరీ యజమాని స్పానర్ విసిరికొట్టాడు.

"రోగం ఇంజనుకి కాదు బావా. కాసేపాగితే మళ్ళీ స్టార్టవుతోందిగా? ట్యాంకులోంచే ఏదో వచ్చి పైపుకి అడ్డం పడుతోంది," అంటూ బావమరిది ట్యాంకు అడుగు బోల్టు విప్పాడు.

బకెట్లోకి నీళ్ళు, వాటి వెనకే ఎర్రటి తుప్పు పెచ్చులు పడ్డాయి.

"వాన నీళ్ళా?"

"మూతకి తాళం కూడా వేశావు, వానెలా పడుతుంది? ఖాళీగా ఉంచితే ట్యాంకు లోపల చెమ్మ పడుతుంది. దానికే ఈ తుప్పు. అయినా ఎప్పుడు చూసినా పావు ట్యాంకే ఎందుకుంచుతావు బావా?"

యజమాని గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ నిలబడ్డ భార్య అతని వైపే చూస్తోంది. 'మీ తమ్ముడు డీజిల్ తోడుకుపోతున్నాడు. ఇకమీద పావు ట్యాంకే పోస్తాను' అని ఆమెతో అన్నది అతనే.

బావమరిది తన ట్రాక్టరు కోసం తెచ్చుకున్న డీజిల్ డబ్బాని బల్ల మీదికెత్తి, పైపు అందులోకి దించాడు. పైపులో చేరిన గాలి తీసి స్టార్ట్ చేశాడు. ఇంజను అందుకుంది. ఈసారి ఆగలేదు.

"ట్యాంకు కడిగాక ఎంత పొయ్యమంటావు?" తలెత్తకుండానే అడిగాడు. "ఎప్పట్లా పావేనా?"

యజమాని జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"నిండా పొయ్యి. ఇది నీ దగ్గరే ఉంచుకో."